కెప్టెన్ ఫౌండ్రీ ఎడమ మోచెయ్యి

ఆ ఆదివారం పొద్దున పెల్లికానో గారింట్లో గొడవ వంకాయల దగ్గర మొదలైంది. ఫిలొమీనా వంకాయలను చక్రాల్లా కోసి, ఉప్పు చల్లి, నీరు ఓడటానికి పేపరు మీద వరసగా పరిచింది. అది ఆ రోజు పేపరు. రోకో ఇంకా చదవలేదు.

"నిన్నటిది లేదా?" అన్నాడు రోకో.

"నిన్నటిది నీ రంగు సీసాల కింద ఉంది."

"మొన్నటిది?"

"మొన్నటి దాంట్లో నీ బొమ్మలు చుట్టి అటక మీద పెట్టావు. ఈ ఇంట్లో వంకాయలకు తాజా వార్తలే దిక్కు."

"డెబ్బై నాలుగేళ్ల మనిషి పొద్దున్నే పేపరు చదువుకోవటం కూడా తప్పేనా?"

"చదువుకో, ఎవరు కాదన్నారు? వంగి చదువుకో. ముక్కలు మాత్రం కదపకు."

రోకో వంగి చదివాడు. రెండు వరసల మధ్య సందులో, కార్వెల్ పట్టణ చరిత్రలో సువర్ణాధ్యాయం మొదలవుతున్నట్టు కనిపించింది. ఆ అధ్యాయం ఏమిటో తెలియాలంటే ముక్క ఎత్తక తప్పలేదు. ఎత్తాడు. కింద మేయర్ కార్నీలియస్ డగ్గన్ గారు తడిగా నవ్వుతున్నారు.

ప్రకటన ఇది. కార్వెల్ ఇనుప ఫౌండ్రీలో పుట్టి దేశమంతా తిరిగిన బొమ్మల పుస్తకాల వీరుడు కెప్టెన్ ఫౌండ్రీకి పట్టణ కార్యాలయం ముందు పన్నెండు అడుగుల కంచు విగ్రహం పెడతారు. అక్టోబరులో, కొలంబస్ డే సెలవు నాడు ఆవిష్కరణ. ఆ వీరుణ్ణి సృష్టించిన మహనీయుడి పేరు పీఠం మీద చెక్కిస్తారు.

అసలు ఫౌండ్రీ మూతబడి ఆరేళ్లయింది. దాని స్థానంలో ఏదో ఒకటి నిలబెట్టాలని మేయర్ గారు అప్పటి నుంచీ తపిస్తున్నారు. నవంబరులో ఎన్నికలు కాబట్టి ఆ తపన ఆగస్టుకల్లా పక్వానికి వచ్చింది.

"సృష్టించిన మహనీయుడు," అన్నాడు రోకో నిటారుగా నిలబడి. "మహనీయులు అనలేదు. ఒక్కడే."

ఫిలొమీనా ముక్కను మళ్లీ మేయర్ గారి ముఖం మీద పెట్టింది. "ఆ ఒక్కడు ఎవరో రాశారా?"

"రాయలేదు."

"మరి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాట ఎత్తకు."

ఎందుకంటే ఆ ఒక్కడు విన్సెంట్ లొముటో కూడా కావచ్చు. విన్సెంట్ పక్కింట్లోనే ఉంటాడు. ఫిలొమీనా చెల్లెలు అసుంతా మొగుడు. ముప్ఫై అయిదేళ్ల కిందట ఈ తోడల్లుళ్లిద్దరూ ఇదే వంటింటి బల్ల దగ్గర కూర్చుని కెప్టెన్ ఫౌండ్రీని తయారుచేశారు. కరిగిన ఇనుములో పడి కాలకుండా పైకి వచ్చిన కూలీ కథ విన్సెంట్ చెప్పాడు. రోకో గీశాడు. వెల్డింగు ముసుగు, వెనక్కి తిప్పి కట్టిన తోలు ఏప్రాన్, దవడ, బూట్లు రోకోవి. పేరు, సుత్తి, ప్రతి కథ చివరా కొట్టే డైలాగు విన్సెంటువి. పుస్తకంలో పేర్లు వేసే పని మాత్రం ఒక్క విన్సెంటుదే. అతను తన పేరు వేసుకున్నాడు. బొమ్మ ఎవరు గీశారో పాఠకులే గ్రహిస్తారని వదిలేశాడు. ముప్ఫై అయిదేళ్లలో ఒక్క పాఠకుడూ గ్రహించలేదు.

రోకోకు గుండె మాత్రలు మొదలైనప్పటి నుంచి ఒకటే మాట. "నేను పోయేలోగా ఒక్కచోట నా పేరు ఉండాలి, ఫిలొమీనా. సమాధి రాయి లెక్కలోకి రాదు." ఫిలొమీనా పైకి కసిరేది కానీ, సీసాలోంచి మాత్ర తీసిచ్చిన ప్రతిసారీ ఆ పేరు ఎక్కడైనా పడితే బాగుండునని ఆమెకూ ఉండేది.

ఆ వీరుడు ఎవరి సృష్టో తేల్చమని పదకొండేళ్లుగా తోడల్లుళ్లు కోర్టులో ఉన్నారు. పదకొండేళ్లుగా మాటల్లేవు. అయినా ఆదివారం రెండు గంటల భోజనం ఏనాడూ తప్పలేదు. అక్కచెల్లెళ్లు కలిసి వండే ఆ భోజనానికి రాకపోవటానికి చావు తప్ప వేరే కారణం ఆ ఇళ్లలో చెల్లదు. కోర్టుకు కూడా ఒకే కారులో వెళ్లేవారు. విన్సెంటుకు కారు నడపటం రాదు.

రెండు గంటలకు మకరోనీ గిన్నె బల్ల మీదికి వచ్చింది.

"ఫిలొమీనా," అన్నాడు రోకో, రెండడుగుల దూరంలో ఉన్న విన్సెంటును చూడకుండా. "జున్ను ఇటు ఇమ్మని మీ మరిదికి చెప్పు."

"అసుంతా," అన్నాడు విన్సెంట్ గిన్నె జరుపుతూ. "జున్ను వచ్చిందని మీ బావకి చెప్పు. పేపరు కూడా చూశానని చెప్పు. విగ్రహం కింద పేరుకు కొలతలు తీసుకుంటున్నారట. లొముటో అని ఇంగ్లీషులో ఆరు అక్షరాలే, కంచు ఆదా అని చెప్పు."

"నువ్వే చెప్పుకో, నా నోట్లో కైమా ఉండ ఉంది," అంది అసుంతా.

ఆ మంగళవారం మేయర్ గారే స్వయంగా దయచేశారు. వెంట పట్టణ న్యాయవాది విట్‌కోమ్ గారు. డగ్గన్ గారి గొప్పతనం ఏమిటంటే ఎవరింటికి వెళ్తే ఆ ఇంటి మనిషి అయిపోతారు. ఐరిష్ వాళ్లింట్లో ఐరిష్ పాట పాడతారు. పెల్లికానో ఇంట్లో రెండో ప్లేటు వేయించుకున్నారు.

"అమ్మా, ఈ వంకాయ తిన్నాక నాకు ఇటాలియన్ రక్తం లేదంటే నేనే నమ్మను," అన్నారు. తరవాత రోకో చేతులు రెండూ పట్టుకున్నారు. "ఈ చేతులే కదా గీసింది? పీఠం మీద పేరు మీదే. నాది మాట."

రోకో కళ్లు చెమర్చాయి. ఫిలొమీనా ప్లేటు తీస్తూ వంటింటి కిటికీలోంచి చూసింది. మేయర్ గారు పెరటి గేటు తీసుకుని అసుంతా ఇంటికి వెళ్తున్నారు. కాసేపటికి అక్కడి నుంచి గొంతు వినిపించింది. "ఈ బుర్రే కదా ఆలోచించింది? పీఠం మీద పేరు మీదే."

రెండిళ్లలోనూ ఆ రాత్రి అందరూ సంతోషంగా నిద్రపోయారు, ఫిలొమీనా తప్ప.

సెప్టెంబరులో విగ్రహ కమిటీ కూర్చుంది. ప్రజలను కూడా రానిచ్చారు. ప్రజలంటే ఫిలొమీనా, అసుంతా. అల్లిక సామాను తెచ్చుకుని వెనక బెంచీలో కూర్చున్నారు.

విట్‌కోమ్ గారు ముందుగా ఆ బొమ్మల పుస్తకాలు అచ్చువేసిన న్యూయార్క్ కంపెనీ ఉత్తరం చదివారు. కెప్టెన్ ఫౌండ్రీ అనే పేరు కంపెనీది. ఇద్దరికీ అప్పట్లో ఇచ్చిన ప్రతి చెక్కు వెనకా చిన్న అక్షరాల్లో ఒక ముద్ర ఉండేది. చెక్కు మార్చుకోవటానికి దాని కింద సంతకం పెట్టిన వాళ్లు సర్వహక్కులూ వదులుకున్నట్టే. ఇద్దరూ పెట్టారు. ఫిలొమీనాకు ఆ చెక్కులు గుర్తే. చెక్కులు మార్చి డబ్బిచ్చే మాంసం కొట్టు బల్ల మీద, వెనక జనం తొందర పెడుతుంటే, రోకో తలెత్తకుండా సంతకం పెట్టేవాడు.

"అంటే పేరు వాడకూడదు," అన్నారు మేయర్ గారు. "పరవాలేదు. పట్టణంలో అందరికీ తెలిసిన వాడికి పేరెందుకు? తరవాత?"

"పెల్లికానో గారి తరఫున ముసుగు, ఏప్రాన్, దవడ, ఛాతీ, బూట్ల మీద కోర్టు స్టే ఉంది. లొముటో గారి తరఫున సుత్తి మీదా, సుత్తి పట్టుకున్న కుడి చేతి మీదా స్టే."

"పట్టుకున్న చెయ్యి నేను గీశాను," అన్నాడు రోకో లేచి. "సుత్తి ఆయనదే అనుకుందాం. చెయ్యి నాది."

"చెయ్యి లేకుండా సుత్తి గాల్లో ఎగురుతుందా అని అడగండి ఆయన్ని," అన్నాడు విన్సెంట్ లేచి, విట్‌కోమ్ గారితో.

"కాళ్లు?" అన్నారు మేయర్ గారు.

"కాళ్లు గీసింది పెల్లికానో గారు. నడక ఆలోచన లొముటో గారిది. నిలబడి ఉన్నంత సేపు ఒకరివి, కదిలితే ఇద్దరివి."

మేయర్ గారు కళ్లు మూసుకున్నారు. పెద్ద నిర్ణయాలకు ముందు ఆయన కళ్లు మూసుకుంటారని పట్టణంలో ప్రతీతి. "స్టే లేని భాగం ఏమైనా ఉందా, విట్‌కోమ్?"

విట్‌కోమ్ గారు పట్టిక మీద వేలు పెట్టి పైనుంచి కింది దాకా దించారు. "ఎడమ మోచెయ్యి, మేయర్ గారూ. మొదటి బొమ్మలో అది ఏప్రాన్ వెనక దాగి ఉంది. గీయలేదు. కథలోనూ దాని ప్రస్తావన లేదు."

"శభాష్," అన్నారు మేయర్ గారు. "మోచెయ్యి నుంచి మొదలుపెట్టమని శిల్పికి చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను. ఈ పట్టణానికి నేను ఎప్పుడూ లోటు రానివ్వలేదు."

అంత పెద్ద చిక్కు అంత తేలిగ్గా విడిపోవటం చూసి కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఫిలొమీనా కుట్టు ఒకటి జారవిడిచింది.

అక్టోబరు మొదటి ఆదివారం, సరిగ్గా రెండు గంటలకు, మకరోనీ వడ్డిస్తుండగా విట్‌కోమ్ గారు కాగితాలతో వచ్చారు. తెలివైన మనిషి. ఇద్దరూ ఒకేచోట దొరికే వేళ అదొక్కటే.

"ఒక్క సంతకం. మేయర్ గారు ఇద్దరి పేర్లూ చెక్కించాలని నిర్ణయించారు. విగ్రహ సృష్టికర్తలు మీరిద్దరే అని ఇందులో ఉంది."

"ముందు ఎవరి పేరు?" అన్నాడు రోకో.

"అసుంతా, ముందు ఎవరి పేరని అడుగు," అన్నాడు విన్సెంట్.

"ముందూ వెనకా లేదు. ఫలకం గుండ్రంగా చేయిస్తున్నాం. పేర్లు అంచు చుట్టూ తిరుగుతాయి. ఎటు నుంచి చదివితే అటు మొదలు."

ఆ ఆలోచనకు తోడల్లుళ్లిద్దరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఫిలొమీనా చెంచా కింద పెట్టి కాగితాలు లెక్కపెట్టింది. ఏడు.

"చదివి పెట్టు, రోకో."

"చదివాను. చూడు, పెల్లికానో. ఎల్ రెండుసార్లు సరిగ్గానే పడింది."

"దానికి ముందు ఏముందో చదువు. దాని తరవాత ఏముందో చదువు."

"మకరోనీ మెత్తబడిపోతోంది, ఫిలొమీనా."

"వదిన చెప్పినట్టే నేనూ చదివాను," అన్నాడు విన్సెంట్ తన పేరు కింద వేలు పెట్టి చూసుకుంటూ. "నాదీ సరిగ్గానే పడింది." సంతకం పెట్టి, కలం రోకో చేతికి అందించాడు. పదకొండేళ్లలో ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి నేరుగా వెళ్లిన మొదటి వస్తువు అదే. రోకో పెట్టాడు. ఫిలొమీనాకు కాగితాల మీద అనుమానం పోలేదు గానీ, మొగుడి ముఖంలో ఆ వెలుగు చూశాక ఇంకేమీ అనబుద్ధి కాలేదు.

కొలంబస్ డే నాడు ఎండ బాగా కాసింది. బ్యాండు మేళం, ఫైర్ ఇంజను, ముందు వరసలో నాలుగు కుర్చీలు. రోకో పెళ్లినాటి టై కట్టుకున్నాడు. విన్సెంట్ జుట్టుకు నూనె రాసుకున్నాడు.

మేయర్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. కళ మీద, శ్రమ మీద, కార్వెల్ నీటి సరఫరా మీద మాట్లాడారు. "చట్టాన్ని గౌరవిస్తూ, ఎవరి హక్కుకూ భంగం రాకుండా, ఈ విగ్రహంలో వివాదం ఉన్న ప్రతి భాగాన్నీ వివాదం లేని భాగంతో మార్చాం. అందుకు అవసరమైన భాగాలన్నీ ఒక పౌరుడు ఉచితంగా ఇచ్చాడు. అతని పేరు చెప్పను. అతను ప్రచారం కోరుకోడు." అని తాడు లాగారు.

నీలం గుడ్డ జారింది.

దవడ మీద స్టే ఉంది కాబట్టి వేరే దవడ పెట్టారు. దాని కింద రెండో దవడ కూడా ఉంది. ముసుగు లేదు, కళ్లజోడు ఉంది. ఏప్రాన్ బదులు ఓవర్‌కోటు. సుత్తి ఉండాల్సిన చోట రిబ్బను కత్తిరించే కత్తెర. ఛాతీ ఒక జానెడు కిందికి, పొట్ట స్థానానికి దిగింది. పన్నెండు అడుగుల మేయర్ డగ్గన్ గారు, ఒక్క ఎడమ మోచెయ్యి మినహా, నడివీధిని చూసి చిరునవ్వు నవ్వుతున్నారు. కింద నిలబడ్డ అయిదున్నర అడుగుల డగ్గన్ గారు కూడా అలాగే నవ్వుతున్నారు.

పీఠానికి గుండ్రటి ఫలకం. నడుమ 'కార్వెల్ వీరుడు' అని ఉంది. చుట్టూ అంగుళం ఎత్తు అక్షరాల్లో: ఊహించి రూపమిచ్చి సృష్టించిన వారు రోకో పెల్లికానో విన్సెంట్ లొముటో.

జనం ముందు చూశారు, తరవాత చదివారు, తరవాత ముందు వరసలోని కుర్చీల వైపు తిరిగారు.

"మీరేనా?" అంది ఒక ముసలావిడ రోకోతో. "పోలిక బాగా కుదిరింది. ఎంత పుచ్చుకున్నారు?"

తరవాతి ఆదివారం భోజనానికి ముందు ఫిలొమీనా వారమంతా జరిగినవి తలుచుకుంది. బ్రెడ్డు కొట్టులో రొట్టె ఇస్తూ ఎవరూ మాట్లాడలేదు. ఫౌండ్రీ మూతబడి పని పోయిన వాళ్లు రోకోను చూసి రోడ్డు దాటి వెళ్లారు. చర్చిలో ఫాదరు మాత్రం అభినందించాడు. ఆయన పేవ్‌మెంటు వేయించమని మేయర్ గారికి అర్జీ పెట్టుకుని ఉన్నాడు. విట్‌కోమ్ గారికి ఫోను చేస్తే, సంతకాలు పెట్టిన కాగితాల్లో అయిదో పేజీలో ఫలకం శాశ్వతమని ఉందనీ, కెప్టెన్ ఫౌండ్రీ సృష్టికర్త ఇద్దరిలో ఒక్కడేనని కోర్టు తేలిస్తే అప్పుడు మిగతావాడి పేరు తీసేయటానికి మాత్రం వీలుందనీ చెప్పారు.

రెండు గంటలకు మకరోనీ వచ్చింది. ఎవరూ గిన్నె ముట్టుకోలేదు. రోకో తువ్వాలు మడిచి పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఫిలొమీనా, అందరూ వినేలా చెబుతున్నాను. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. పదకొండేళ్లు మనిషి మీద అన్యాయంగా కేసు నడిపాను. ఆ పాత్ర మొత్తం మీ మరిదిదే. ముసుగు నుంచి బూట్ల దాకా ఆయన ఊహే. నేను ఉత్త చెయ్యిని. రేపు పొద్దున్నే కోర్టులో ప్రమాణం చేసి రాసిచ్చేస్తాను. ఆ గౌరవం ఆయన ఒక్కడికే దక్కాలి."

అసుంతా గరిట అలాగే పట్టుకుని మొగుడి వైపు చూసింది.

విన్సెంట్ నెమ్మదిగా తల ఊపాడు. పదకొండేళ్ల తరవాత మొదటిసారి తోడల్లుడి కళ్లలోకి నేరుగా చూశాడు.

"నీది పెద్ద మనసు, రోకో. నాకు ముందు నుంచీ తెలుసు," అన్నాడు. "అందుకే నేను శుక్రవారమే మొత్తం నీ పేరున రాసి కోర్టులో ఇచ్చేసి వచ్చాను. బస్సులో వెళ్లాను."