తాయారు రిపోర్టు ఇంకా రాలేదు!

ల్యాబు రిపోర్టు ఎంత ఆలస్యంగా వస్తే సంసారం అంత బాగుపడుతుంది. నవ్వకండి! ఇందిరా నగర్‌లో దోసెపిండి అమ్ముకునే తాయారు కథ విన్నాక మీరే ఒప్పుకుంటారు. ఒప్పుకోవడమేంటి, మీ ఇంట్లోనూ ఎవరికో ఒకరికి ఓ టెస్టు రాయించుకుని, రిజల్టు మాత్రం వీలైనంత నిదానంగా ఇవ్వమని డాక్టరు గారిని బతిమాలుకుంటారు.

తాయారు వాళ్ళది ఏ తాతల కాలంలోనో పుదుచ్చేరి వచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబం. మొగుడు దామోదరన్ నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు, గవర్నమెంటు ఉద్యోగం. కొడుకు గోకుల్, కోడలు కవిప్రియ పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తారు, ఆఫీసు ఉద్యోగాలు. ఇక ఇంట్లో పని చేసేదెవరు అని అడిగే అమాయకులు ఈ కాలమ్ చదవరనే నమ్మకంతో ముందుకు పోదాం.

తాయారుకు దేవుడు డబ్బివ్వలేదు గానీ గొంతిచ్చాడు. వాకిట్లో నిలబడి "పిండీ!" అని ఒక్క కేక వేస్తే రెండు వీధుల అవతల గిన్నెలు వాటంతట అవే బయటికొచ్చేవి. సరిగ్గా ఆ గొంతు పక్కనే గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు. కోసి తీశారు. తీసిన ముక్కను టెస్టుకు పంపారు.

డిశ్చార్జి చేస్తూ చిన్న వయసు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. "గొంతుకు రెస్టివ్వండి. బరువులెత్తొద్దు. అట్లాగని మంచానికి అతుక్కుపోవద్దు, యాక్టివ్‌గా ఉండండి. రిపోర్టు రాగానే ఫోన్ చేస్తాం."

"ఎప్పుడొస్తాదమ్మా?" అన్నాడు దామోదరన్.

"వస్తుంది."

ఆహా! ఎంత చల్లని మాట! ఆ ఒక్క మాట మీద ఆ ఇంట్లో జరిగిన అద్భుతాలు చూడండి.

పెళ్ళైననాటి నుంచీ వంటింట్లోకి మంచినీళ్ళకు తప్ప రాని దామోదరన్ మర్నాడు పొద్దున్నే లేచి కాఫీ కలిపాడు! అందులో చక్కెర బదులు రవ్వ పడింది, అది వేరే సంగతి. తాయారు నోరు మూసుకుని తాగింది. డాక్టరమ్మ ఆర్డరు మరి! తర్వాత అతనే గ్రైండర్ దగ్గర కూర్చుని పొత్రం కడిగాడు. "ఇది ఇంత బరువుందేంది!" అని ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళూ ఆ పొత్రం గాల్లో తేలుతుందనుకున్నాడో ఏమో.

గోకుల్ ఫోను పక్కనబెట్టి తల్లి ఎదురుగా కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక "అమ్మా, తిన్నావా?" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "తిన్నావా?" అన్నాడు. కవిప్రియ ఆఫీసుకు పోయేముందు పప్పు నానబోసింది. ఆఖరికి ఆడబిడ్డ కుప్పమ్మాళ్! గోకుల్ చెవులు కుట్టించిన పండగనాడు తనకు పెట్టిన చీర పట్టుదో కాదో తేలక అలిగిన మనిషి. ఆ గోకుల్‌కు పెళ్ళైనా ఆమె అలక తీరలేదు. అటువంటావిడ ఒక చేత్తో హార్లిక్స్ సీసా, ఇంకో చేత్తో దానిమ్మకాయల సంచీ పట్టుకుని గడప తొక్కింది.

"తాయారూ, నీకేమీ కాదు. నేనుండా గదా!" అని కావలించుకుంది.

ఇంత మహిమ ఏ గుళ్ళో ఉంది? ఏ మాత్రలో ఉంది? అంతా ఆ రాని రిపోర్టు చలవ!

ఒక్క విషయం. ఆ జబ్బు పేరు మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. "ఏమీ ఉండదులే," అనేవాళ్ళు. ఆ 'ఏమీ' దగ్గర అందరి గొంతూ ఒక్క క్షణం తడబడేది. తాయారుకు ఆ తడబాటు వినబడేది. ఆమె గొంతుకు రెస్టిచ్చారు గానీ చెవులకు ఇవ్వలేదు గదా!

మాట్లాడకుండా ఉండడానికి కవిప్రియ ఒక చిన్న వైట్ బోర్డు, మార్కరు కొనుక్కొచ్చింది. బ్రహ్మాండమైన ఏర్పాటు! కాకపోతే తాయారుకు తెలుగు మాట్లాడడమే తెలుసు, రాయడం రాదు. బళ్ళో నేర్చిన తమిళ అక్షరాల్లోనే తెలుగు రాయాలి. ఆ అక్షరాల్లో 'క'కూ 'ఖ'కూ 'గ'కూ ఒకటే గుర్తు. ఒక మధ్యాహ్నం ఉక్కపోసి, ఫాను వేయమని మొగుడికి 'గాలి' అని రాసి చూపించింది. దామోదరన్ దాన్ని 'ఖాళీ' అని చదివి వంటింటి వైపు చూసి, గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ కొట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "అయ్యో, అర్జంటా?" అని ఇంకోసారి కొట్టాడు. సిలిండరు వచ్చింది. గాలి రాలేదు!

ఇంత సుఖంలో తాయారు ఏం చెయ్యాలి? హాయిగా కూర్చోవాలి. కూర్చునేది. కూర్చోగానే చెయ్యి దానంతట అదే మెడ మీది ప్లాస్టరు దగ్గరికి పోయేది. చెయ్యి అక్కడికి పోతే మనసు ఎక్కడికి పోతుందో చెప్పాలా? గోకుల్‌కు పిల్లలు పుట్టేదాకా, తర్వాత వాళ్ళ చెవులు కుట్టేదాకా పోయి, అక్కడ తను లేని ఫొటో చూసి వచ్చేది.

లేచి అటక సర్దబోయింది. "అత్తా, దిగు! రెస్టు!" అని కవిప్రియ దించేసింది. వాకిలి ఊడ్వబోయింది. కుప్పమ్మాళ్ చీపురు లాక్కుంది. యాక్టివ్‌గా ఉండమన్న మనిషిని చుట్టూ కాపలా పెట్టి కుర్చీలో కూర్చోబెట్టే ప్రేమ మన దగ్గర తప్ప ఇంకెక్కడైనా దొరుకుతుందా?

చివరికి పక్కింటి కాళియమ్మ కాపాడింది. ఆమెకు చేపల వ్యాపారం. పొద్దున్నే తేంగాయితిట్టు హార్బరుకు వ్యానులో పోతుంది. తాయారు బోర్డు మీద 'వాకింగ్' అని రాసి ఇంట్లో పెట్టి, ఆ వ్యాను ఎక్కేసింది.

హార్బరులో వేలంపాట జోరుగా ఉంది. పడవల నుంచి గంపలు దిగుతున్నాయి, అరుపులు, తోపులాట. తాయారుకు ప్రాణం లేచొచ్చింది. అరవగలిగితేనా! ఇంతలో ప్లాస్టరు అంచు దురద పెట్టి చెయ్యి పైకెత్తింది. పాట పాడేవాడు ఆ చేతిని చూశాడు. "అదో, ఆ అక్కకే!" అన్నాడు. గంపెడు కవళ్ళ చేపలు తాయారు కాళ్ళ దగ్గర దిగాయి!

"అక్కా, నువ్వు పాడినావా?" అంది కాళియమ్మ కళ్ళు పెద్దవి చేసి.

తాయారు చేతులూ తలా కలిపి ఊపింది. తర్వాత నవ్వొచ్చింది. ఆపరేషన్ అయ్యాక అదే మొదటి నవ్వు. బొంగురుగా, తుప్పు పట్టిన గేటు తీసినట్టు వచ్చింది. కాళియమ్మా నవ్వింది. నవ్వు ఆగాక ఇద్దరూ గంప పక్కనే గట్టు మీద కూలబడ్డారు.

"అక్కా," అంది కాళియమ్మ, "భయమేస్తా ఉందా?"

ఇన్నాళ్ళలో ఆ ముక్క అడిగిన మనిషి ఆమె ఒక్కతే. తాయారు బోర్డు తేలేదు. తెచ్చినా దాని మీద రాసే మాట కాదది.

"ఏస్తా ఉంది," అంది గుసగుసగా. "ఊరికే కూసుంటే చెయ్యి ఈడికే పోతాది."

కాళియమ్మ "ఏమీ ఉండదులే" అనలేదు. "నాకూ భయంగానే ఉండాది," అంది. ఒక కత్తి తీసి తాయారు చేతిలో పెట్టింది. "ఇదో, పొలుసు గీకు. చెయ్యికి పనుంటే ఆడికి యాడ పోతాది?"

ఆ రోజు ఇందిరా నగర్‌లో ఆ వీధి వీధంతా కవళ్ళ పులుసే. ఆ తర్వాత రోజూ తాయారు వాకింగ్ తేంగాయితిట్టుకే. బరువులెత్తలేదు. గొంతెత్తలేదు. కూర్చుని చేపలు బాగుచేసేది, మంచి చేపను వేలితో చూపించేది. ఇంట్లో దామోదరన్ పొత్రం కడిగేవాడు. ఏం లోటు చెప్పండి? రిపోర్టు రాకపోతే లోకం ఎంత సవ్యంగా తిరుగుతుందో చూశారా!

కానీ మంచికాలం ఎల్లకాలం ఉండదు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

దామోదరన్ డ్యూటీలో ఉన్నాడు, కొడుకూ కోడలూ ఆఫీసుల్లో. తాయారు ఎవరికీ చెప్పకుండా కాళియమ్మను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. ఇద్దరి చేతులూ చేపల వాసనే. ఆటోలో తాయారు కాళియమ్మ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, దిగాక గాజుల అచ్చులు పడి ఉన్నాయి.

డాక్టరమ్మ కాగితం చూసి నవ్వింది. "ప్రమాదమేమీ లేదమ్మా. మామూలు గడ్డే. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోండి, చాలు."

"ఇంకోసారి చెప్పమ్మా," అంది తాయారు.

డాక్టరమ్మ ఇంకోసారి చెప్పింది. బయటికొచ్చాక తాయారు టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, రెండు వడలు తిని, మూడోది చేతిలో పట్టుకుని ఏడ్చింది. కాళియమ్మ ఇంకో టీ చెప్పింది.

తిరుగు ఆటోలో కాళియమ్మకు ఒక దివ్యమైన ఆలోచన వచ్చింది. "అక్కా, ఇంట్లో చెప్పొద్దు! ఇంకా రాలేదను. చెప్తే నీ కాఫీ పోతాది, చూసుకో!"

తాయారు ఆలోచించింది. నిజమే. ఇంకో వారం? దీపావళి దాకా? ఎవరికి నష్టం? ఇల్లు చేరేసరికి ఆమె మనసు ఖాయమైపోయింది. 'ఇంకా రాలేదంట.' చిన్న మాటే గదా! గొంతుకు కూడా శ్రమ లేదు.

దామోదరన్ డ్యూటీ దిగి వచ్చి పెరట్లో పొత్రం కడుగుతున్నాడు. ఆమె చేతిలో ఆసుపత్రి ఫైలు చూశాడు. అప్పటికే అద్దంలా ఉన్న రాయి మీద ఇంకో చెంబు నీళ్ళు పోశాడు. ఇంకో చెంబు పోశాడు. చెంబు అంచు రాయికి తగిలి టకటకమంటోంది.

"ఏమీ లేదంట," అంది తాయారు. అనుకున్న మాట ఒకటి, నోట్లోంచి ఊడిపడిందొకటి.

"ఏమీ లేదా?"

"లేదు."

"నిజ్జంగా?"

"మామూలు గడ్డేనంటయ్యా!"

దామోదరన్ తడి నేల మీదే చతికిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తాయారు పక్కన కూర్చుని అతని తల మీద చెయ్యి వేసింది. అబద్ధం చెప్పనందుకు తనను తాను మెచ్చుకుంది. ఇటువంటి మొగుడికా అబద్ధం చెప్పబోయింది!

చాలాసేపటికి అతను మొహం తుడుచుకున్నాడు. గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు.

"అబ్బా, ఆకలేస్తా ఉంది తాయారూ," అన్నాడు. "ఏం వండినావు?"

అయ్యింది! చూశారా, మంచి రిపోర్టు ఎంత ప్రమాదకరమో!

సాయంత్రానికి ఇల్లు పూర్తిగా కోలుకుంది. కవిప్రియ అత్తను ముద్దు పెట్టుకుని, "అత్తా, రేపటికి పప్పు నానబోసేస్తారు గదా?" అంది. గోకుల్ సంతోషంగా ఫోన్లోకి వెళ్ళిపోయాడు. కుప్పమ్మాళ్ ఫోన్ చేసి దేవుడికి దండాలు పెట్టి, అదే ఊపులో, "అయినా ఆ చీర మాత్రం పట్టుది కాదు తాయారూ," అంది.

చెడ్డవాళ్ళా వీళ్ళు? కానే కాదు. ఆమె కోసం నిజంగా వణికిపోయిన వాళ్ళే. కాకపోతే ఒక చిన్న సందేహం. ఇంట్లో మనిషిని "తిన్నావా?" అని అడగాలంటే, ఆమె ముక్క ఒకటి ల్యాబులో ఉండి తీరాలా?

తెల్లారింది. దామోదరన్ మంచం మీది నుంచి "కాఫీ!" అన్నాడు. జవాబు రాలేదు. ఇంకోసారి అన్నాడు. లేచి చూస్తే వంటిల్లు నిద్రపోతోంది, పప్పు పొడిగా డబ్బాలోనే ఉంది, తాయారు చెప్పులు లేవు.

తేంగాయితిట్టు గట్టు మీద తాయారు ఫోను మోగింది.

"అత్తా, యాడుండారు?" కవిప్రియ గొంతులో కంగారు. "బయట పిండికి వచ్చి నిలబడుండారు! మామ పొయ్యి దగ్గర ఏందో చేస్తా ఉండారు!"

"టెస్టు పనిలో ఉండా కవీ," అంది తాయారు బొంగురు గొంతుతో, తొందరేమీ లేకుండా. ఫోను పెట్టేసింది.

కాళియమ్మ గీకుతున్న చేపను వదిలేసి ఉలిక్కిపడి చూసింది. "ఇంకా ఏం టెస్టక్కా? ఏమీ లేదన్నారు గదా!"

"నాకు లేదే," అంది తాయారు కత్తి అందుకుంటూ. "ఇంటికి పెట్టినా. రిజల్టు రావడానికి టైం పడ్తాదిలే!"