తాబేలు పెళ్ళానికి రేవు చీటీ

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ పెద్దదేం కాదు లెండి, జంతువులకంటే ఆఫీసులు నాలుగు ఎక్కువ ఉండేంత పెద్ద అడవిలో, శల్యమూర్తి అనే ముళ్ళపంది ఉండేవాడు.

అర్జీలు రాయడం అతని వృత్తి. కలం కొనే పని లేదు, వీపు మీంచి ఓ ముల్లు పీక్కుంటే చాలు. సిరాకి నేరేడు పళ్ళున్నాయి. అడవిలో ఎవరికి ఏ కష్టమొచ్చినా శల్యమూర్తి దగ్గరికి రావాల్సిందే. వచ్చినవాళ్ళు అర్జీతో పాటు గంటసేపు ఉపన్యాసం కూడా మోసుకుపోవాల్సిందే.

"నేను లేకపోతే ఈ అడవి ఏమైపోయేదో!" అని రోజుకోసారైనా అనుకునేవాడు. తనంటే అందరికీ ప్రాణమని అతని నమ్మకం. ఈ నమ్మకాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మూడేళ్ళ కిందట అడవి పెద్దలు ఏటి ఒడ్డున ఒక కచేరీ పెట్టాలనుకున్నారు. ఏరు దాటి వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ ఎవరో ఒకరు నిలదీయకపోతే ఎలా అని వాళ్ళ బెంగ. నిబంధనలు రాసిపెట్టవయ్యా అంటే శల్యమూర్తి ఒక్క పూటలో రాసి పడేశాడు. "ఏరు దాటువారు గడువులోగా తిరిగి వెళ్ళెదరని నమ్మదగిన రుజువు చూపవలెను." ఈ వాక్యాన్ని తనే నాలుగుసార్లు పైకి చదువుకుని, "అబ్బ, ఏం రాశానూ!" అని మురిసిపోయాడు.

నిబంధనలు ఒక్క పూటలో తయారైనా కచేరీ తెరవడానికి రెండేళ్ళు పట్టింది. ఆఫీసులు ఎప్పుడు తొందరపడ్డాయి గనక?

ఈలోగా శల్యమూర్తి ముళ్ళు అమ్ముకుందామని ఏరు దాటి అవతలి అడవికి పోయాడు. అక్కడ కూర్మావతి కనిపించింది. తాబేలు. ఇవతలి అడవిలో ముళ్ళపంది పక్కన కూర్చోవడానికి ఒక్క పిల్లా ఒప్పుకోలేదు, గుచ్చుకుంటుంది మరి. కూర్మావతి వచ్చి పక్కనే కూర్చుంది. ఆమెకేం గుచ్చుకోలేదు, డిప్ప ఉందిగా. అంతే, మనవాడు మనసు పారేసుకున్నాడు. నెల తిరక్కుండా పెళ్ళయింది. ఏడడుగులు నడవడానికే ఒక పూట పట్టిందనుకోండి, అది వేరే సంగతి.

"నువ్వు ముందెళ్ళి బొరియ నోరు వెడల్పు చెయ్యి మూర్తీ. నేను వెనకాల వస్తా" అంది కూర్మావతి. వాళ్ళ అడవిలో మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తారు.

శల్యమూర్తి వచ్చాడు, బొరియ తవ్వాడు, ఎదురుచూశాడు. కూర్మావతి నాలుగు నెలలు నడిచి నడిచి అవతలి ఒడ్డుకు చేరింది. సరిగ్గా అంతకు వారం ముందే ఇవతలి ఒడ్డున కచేరీ తెరుచుకుంది.

కచేరీకి అధికారి కొంగగారు. ఆయన ఎడమకాలి మీద నిలబడితే వచ్చేవాళ్ళ సంగతి చూస్తారు, కుడికాలి మీద నిలబడితే పోయేవాళ్ళ సంగతి చూస్తారు. మనం వీసా అంటామే, దాన్ని అక్కడ రేవు చీటీ అంటారు. గడువు నెల రోజులు.

"నా పెళ్ళానికి నేను అర్జీ రాయలేనా!" అని శల్యమూర్తి కొత్త ముల్లు పీక్కున్నాడు. ప్రేమంతా కుమ్మరించాడు. నా బొరియ ఇంద్రభవనం అన్నాడు. అందులో అడుగుపెట్టినవారికి బయటికి పోవాలనిపించదు అన్నాడు. ఆమెను కంటికి రెప్పలా చూసుకుంటానన్నాడు. పన్నెండు తాటాకులు.

కొంగగారు అవతలి ఒడ్డుకు ఎగిరిపోయి కూర్మావతిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మీ ఇల్లెక్కడమ్మా?"

"ఇదిగో, వీపు మీద" అంది కూర్మావతి. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, కాదు కాదు, తాబేలు.

మూడో రోజుకి జవాబు వచ్చింది. "దరఖాస్తుదారు తన ఇంటిని తన వెంటనే మోసుకొని వచ్చుచున్నది. స్వస్థలమున తిరిగి చేరుటకు వేరొక ఇల్లు లేదు. పైగా ఇచ్చట అడుగిడినవారికి బయటికి పోబుద్ధి కాదని భర్తయే వ్రాసియున్నాడు. కావున తిరస్కరించడమైనది."

శల్యమూర్తి కచేరీకి పరిగెత్తాడు. "అయ్యా, ఇదేం అన్యాయం? కట్టుకున్న పెళ్ళాం!"

"నేనేం చేసేదయ్యా? నిబంధన అలా ఉంది" అన్నారు కొంగగారు. "ఎవడు రాశాడో గానీ గట్టివాడు. చీమ దూరే సందు కూడా ఉంచలేదు."

శల్యమూర్తికి ఏడవాలో మురిసిపోవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేసి బయటికొచ్చాడు.

ఇంటికొస్తే చెట్టు మీంచి కోతి పలకరించింది. "ఏమన్నా, వదినగారు రాలేదా? అసలంటూ ఉందా? ఏటవతల పెళ్ళామైతే నాకూ ఇద్దరున్నారు!"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ముళ్ళపందికి ముల్లు గుచ్చుకోవడమంటే మీరే ఆలోచించండి. రెండు నెలల్లో తొలకరి పడుతుంది. ఏరు పొంగితే రేవు మూసేస్తారు. అవతలి ఒడ్డు మునిగిపోతుంది గనక కూర్మావతి వచ్చిన దారినే నాలుగు నెలలు వెనక్కి నడవాలి. పాపం, ఇసకలో ఒక్కతీ ఎండకు మాడుతోంది. శల్యమూర్తికి ముద్ద దిగలేదు.

చివరికి సిగ్గు చంపుకుని ఉడుము దగ్గరికి పోయాడు. కచేరీ పనులు చేయించిపెట్టడంలో ఉడుముకి మంచి పేరు. పట్టుకుంటే వదలదు.

ఉడుము పన్నెండు తాటాకులూ చదివి తల పట్టుకుంది. "మూర్తిగారూ, ఇది అర్జీయా, ప్రేమలేఖా?"

"ప్రేమ చూపిస్తే తప్పా?"

"తప్పున్నరా! వాళ్ళకి కావాల్సింది ఆవిడ వస్తుందని కాదు, పోతుందని. మీ దగ్గర్నుంచి పెళ్ళాం ఎందుకు పోతుంది చెప్పండి?"

"ఎందుకు పోతుందీ? పోదు!"

"అదే మీ ఖర్మ. ఇల్లెలాగూ వీపు మీదుంది, దాన్ని మార్చలేం. మార్చగలిగింది మిమ్మల్నే. మీతో కాపురం చెయ్యడం ఎవరి తరమూ కాదని ఇరుగుపొరుగు గోటిముద్ర వెయ్యాలి. అప్పుడు కొంగగారు నమ్ముతారు, ఈవిడ నెల తిరక్కుండా పారిపోతుందని."

శల్యమూర్తి నవ్వాడు. "బాగానే ఉంది గానీ, నా మీద చెడ్డగా చెప్పడానికి మావాళ్ళకి నోరెలా వస్తుందయ్యా? బతిమాలుకోవాలి."

మర్నాడు పొద్దున్నే మొహమాటపడుతూ పక్క బొరియ కుందేలమ్మకి సంగతి చెప్పాడు. నీళ్ళు తాగొచ్చేసరికి ఇంటిముందు బారు తీరి ఉన్నారు. బారు వాగు దాకా ఉంది.

వాళ్ళెవరికీ రాయడం రాదు. ఆ అడవిలో అర్జీలు రాసేవాడు ఒక్కడే. కాబట్టి శల్యమూర్తి తన వీపు మీది ముల్లు తనే పీక్కుని, తన మీది ఫిర్యాదులు తనే రాసుకోవడానికి కూర్చున్నాడు.

"ఏం చెప్పినా తప్పులు పడతాడు" అని మొదలుపెట్టింది కుందేలమ్మ. "మా చంటిదానికి ఒంట్లో బాలేదు, మందాకు ఎక్కడుందన్నా అనడిగితే, అలా కాదమ్మా అడగడం అని అరగంట నేర్పించాడు. ఆ ఆకు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు."

"అది 'అరగంట' కాదు, పావుగంటే" అన్నాడు శల్యమూర్తి.

"అదిగో, చూశారా!" అంది బారంతా.

తర్వాత ఎలుగుబంటి వచ్చింది. "పోనీ కదాని తేనె పెట్టాను. శుభ్రంగా తిన్నాడు. మూతి తుడుచుకుని, తేనె ఎలా తియ్యాలో చెప్పాడు. ఎవరికి? నాకు!"

"నిదానంగా చెప్పు, రాసుకుంటున్నా" అన్నాడు శల్యమూర్తి.

"ఇదీ రాయి. ఇతను ముళ్ళు అమ్ముకోవడానికి ఏరు దాటి పోయినప్పుడు అడవంతా ఎంత హాయిగా ఉందో. వాగు చప్పుడు కూడా వినపడింది."

"ఇతన్ని తప్పించుకోవడానికి ఈ ఏడు పదకొండు చెట్లు మారాను" అని కోతి కొమ్మ మీంచే చెప్పి, దిగొచ్చి గోటిముద్ర వేసింది.

ఎండ నడినెత్తికొచ్చింది. వీపు మీద ముళ్ళు పలచబడ్డాయి. శల్యమూర్తి తలెత్తి దీనంగా అడిగాడు. "ఇవన్నీ మీరు కూర్మావతి కోసం కల్పించి చెబుతున్నారు కదూ?"

కోతి ఆకుల వంక చూసింది. ఎలుగుబంటి గోళ్ళు చూసుకుంది.

"రాయి నాయనా, రాయి" అంది కుందేలమ్మ మెల్లగా. "ఎండ ఎక్కుతోంది."

అలా నలభై తాటాకులయ్యాయి. ప్రేమకి పన్నెండే పట్టాయి.

కొంగగారు ఎడమకాలి మీద నిలబడి కట్టంతా చదివారు. చదువుతూ చదువుతూ కాలు తడబడి రెండోకాలు కూడా నేలకానించారు. ఆయన ఉద్యోగంలో అలా ఎన్నడూ జరగలేదు. "ఇక్కడ నెల్లాళ్ళుండటమే గొప్ప. మంజూరు చేస్తున్నా. అయితే ఒకటుంది. జతపరిచిన కాగితాలన్నీ దరఖాస్తుదారుకు పైకి చదివి వినిపించాలి, నిబంధన."

"అలాంటి నిబంధన ఎవడు పెట్టాడయ్యా?" అని శల్యమూర్తి అరిచి, మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు. ఎవడు పెట్టాడో అతనికి తెలుసు.

కొంగగారిది పెద్ద గొంతు. అవతలి ఒడ్డున నిలబడి నలభై తాటాకులూ చదివారు. ప్రతి మాటా నీళ్ళ మీదుగా ఇవతలి ఒడ్డుకి తేటతెల్లంగా వినిపించింది. అర్జీలో ఉన్నంతసేపూ అవి అర్జీ మాటలు. పెళ్ళాం చెవిన పడుతుంటే అవి నిజాలు. శల్యమూర్తి బండరాయి చాటున ఉండలా ముడుచుకుపోయాడు.

పదో తాటాకు దగ్గరే కూర్మావతి తల డిప్పలోకి లాక్కుంది. చదవడం అయిపోయినా తల బయటికి రాలేదు. అయిపోయింది, ఇక వెనక్కి పోతుంది అనుకున్నాడు శల్యమూర్తి. పోయినా ఆమె తప్పు లేదనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చాలాసేపటికి తల బయటికొచ్చింది. "అంతేనా? గురక సంగతి రాయలేదేం?" అంది కూర్మావతి. ఆ మాటంటూనే నీళ్ళలోకి దిగింది.

రేవు నుంచి బొరియకి కూర్మావతి నడకలో పన్నెండు రోజులు. పోవడానికి పన్నెండు, రావడానికి పన్నెండు పోతే ఇంట్లో కాపురం ఆరు రోజులు. లెక్క చూసుకుని శల్యమూర్తి ఏడ్చినంత పని చేశాడు గానీ, పక్కపక్కన నడిచిన ఆ రోజులే అసలు కాపురమని తర్వాత తెలిసింది.

దారిలో ఓ చోట ఆగి అడిగాడు. "నిజం చెప్పు, నేను అంత ఘోరంగా ఉంటానా?"

"ఉంటావు" అంది కూర్మావతి గడ్డి నములుతూ. "అయితే ఏం? నాకు డిప్ప ఉందిగా."

బొరియ చేరాక కోతి మొహం చూడాలి. "వదినగారు నిజంగానే ఉందే!" అని పదకొండు చెట్లూ తిరిగి చాటింది. ఎలుగుబంటి మళ్ళీ తేనె తెచ్చింది. శల్యమూర్తి నోరు తెరవబోతే కూర్మావతి ఊరికే అతని వంక చూసింది. అతను తేనె తిని, బాగుందన్నాడు. అంతే. ఎలుగుబంటి ఇంకాస్త తేనె వడ్డించింది.

ఆరు రోజులు ఆరు నిమిషాల్లా పోయాయి. తిరిగి రేవుకొచ్చారు. ఆకాశం అప్పటికే నల్లబడింది.

"నేనూ నీతో వస్తా. వానాకాలమంతా మీ అడవిలో ఉండి, ఏరు తగ్గాక వస్తా" అన్నాడు శల్యమూర్తి. కచేరీకి పోయి అడిగాడు.

కొంగగారు కుడికాలి మీదకి మారారు. "నువ్వు తిరిగొస్తావని రుజువేది? నువ్వు అక్కడే ఉండిపోతే అవతలి అడవివాళ్ళకి జవాబు చెప్పాల్సింది నేను."

"నా ఊరు, నా బొరియ, నావాళ్ళు. రాక ఎక్కడికి పోతానయ్యా?"

"నీవాళ్ళా?" కొంగగారు నలభై తాటాకుల కట్ట తీశారు. "నువ్వు లేనప్పుడు అడవి హాయిగా ఉందని ఇందులో ఉంది. నిన్ను తప్పించుకోవడానికి చెట్లు మారారని ఉంది. ఇంతమంది పొమ్మనే చోటికి ఎవడైనా తిరిగొస్తాడా? తిరస్కరించడమైనది."

"అయ్యా! అవి పెళ్ళాం కోసం రాయించిన కాగితాలు!"

"అంటే అబద్ధాలా?" కొంగగారు ముక్కు సాచారు. "అబద్ధపు కాగితాలు పెట్టి చీటీ తీసుకుంటే, ఆమెకి ఇక జన్మలో రేవు చీటీ ఉండదు. ఆలోచించుకుని చెప్పు. నిజమా, అబద్ధమా?"

రేవులో అందరూ చూస్తున్నారు. శల్యమూర్తి జీవితంలో మొదటిసారి జవాబు చెప్పే ముందు ఆలోచించాడు.

"నిజమేనయ్యా" అన్నాడు. "ప్రతి అక్షరం నిజం. నేనే రాశాను."

తొలి చినుకు పడింది. కూర్మావతి నీళ్ళలో దిగి, మెల్లగా, మరీ మెల్లగా అవతలి ఒడ్డెక్కింది. అక్కణ్ణించి వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది.

"వచ్చే ఏడు మళ్ళీ వస్తా మూర్తీ! అందాకా నువ్వు మాత్రం మారకు! మారితే చీటీ ఇవ్వరు!"

శల్యమూర్తి వానలో తడుస్తూ ఇల్లు చేరాడు. గుమ్మంలో కుందేలమ్మ ఎదురై, "వదిన వెళ్ళిపోయిందా అన్నా?" అని జాలిగా పలకరించింది. పాపం, మంచి మాట. అతనికి ఆమె చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించింది. తమాయించుకున్నాడు. గొంతు సవరించుకుని, "అలా కాదమ్మా అడగడం" అని మొదలుపెట్టి అరగంట వదల్లేదు.

నీతి: పెళ్ళాం మీద నిజమైన ప్రేమ ఉన్నవాడు తన చెడ్డపేరుని ఏడాదికోసారి రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి.