వైన్‌కు పైనుంచి ఎస్సు

"ఇకమీదట మన మానుకోట జిల్లా ప్రపంచ వైన్ పటంలో ఉంటుంది!" అని గార్ల మండలంలోని మా ఊరి సభలో మంత్రి రాంచందర్‌గారు ప్రకటించారు. ఆ పటం ఎక్కడుందో మాకు తెలియదు. అయినా గట్టిగా చప్పట్లు కొట్టాం. నాది మైకు సెట్టు. మంత్రిగారి దూరదృష్టి ఊళ్లో అందరికంటే ముందు నా చెవినే పడుతుంది. అదీ నా అదృష్టం!

చప్పట్లు ఆగకముందే మా ఊరి రైతు రుక్కి చీపురు పట్టుకుని లేచింది.

"సారూ, ఊళ్లె వైన్స్ పెడ్తె ఊకోం! మా ఇంటాయన బీక్యా గిప్పుడిప్పుడే తాగుడు బంజేసిండు. మళ్ల మా కొంప ముంచుతరా?"

ఆఫీసర్ గౌతమ్‌గారు చిరునవ్వుతో మైకు అందుకున్నారు.

"అమ్మా, వైన్స్ వేరు, వైన్ వేరు. వైన్స్ అంటే మందు షాపు. వైన్ అంటే అగ్రో ప్రాసెసింగ్. మీరు ద్రాక్ష పెట్టండి, ఫ్యాక్టరీ మేం పెడతాం. ప్రతి గుత్తీ కొంటాం."

"గట్లనా? అయితే మంచిదే," అని రుక్కి చీపురు దించింది. మిరప తోట తీసేసి, ఉన్న రెండెకరాల్లోనూ ద్రాక్ష పెట్టింది. ఒక్క ఎస్సు తీసేసి ఉద్యమాన్ని ఉద్యానవనంగా మార్చిన ఆఫీసర్‌ను నేను మరొకరిని చూడలేదు.

రెండో ఏడు ద్రాక్ష విరగకాసింది. ఫ్యాక్టరీ మాత్రం కాయలేదు. రుక్కి గంప ఎత్తుకుని పండ్ల దుకాణాల చుట్టూ తిరిగింది.

"అక్కా, గిది వైన్‌కు పోయే కాయ. ఒకటే పులుపు. ఉత్తగ ఎవలు తింటరు?" అన్నారు వాళ్లు.

చివరికి గౌతమ్‌గారి ఆఫీసుకు వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను.

"సారూ, కాయ రాలిపోతాంది. ఫ్యాక్టరీ యాడున్నది?"

"ఫైలు పైకి వెళ్లిందమ్మా. పైనుంచి యెస్ వచ్చింది," అన్నారు గౌతమ్‌గారు. "కాకపోతే ఆ ఎస్సు వైన్ పక్కన పడింది."

వారం తిరక్కుండా రుక్కి చేను పక్కనే వైన్స్ వెలిసింది. మా ఊళ్లో ప్రభుత్వం ఇంత చురుగ్గా పనిచేయడం ఎవరూ ఎరగరు. రిబ్బన్ కత్తిరించడానికి మంత్రిగారే వచ్చారు. మైకు నాదే.

షాపు ముందు రుక్కి గంప పెట్టుకుని కూర్చుంది. ద్రాక్షకు ఉప్పుకారం చల్లి పొట్లాలు కట్టి ఇస్తోంది. మందులోకి ఆ పులుపు భలే కుదిరిందట, జనం ఎగబడుతున్నారు. చూసి మంత్రిగారు పరవశించిపోయారు.

"చూసిండ్రా! ద్రాక్ష, వైన్స్ ఒక్కతాననే! మార్కెట్ లింకేజ్ అంటే గిదే!" అని, రుక్కి వైపు తిరిగారు. "ఇంకేం కావాలె చెల్లే? అడుగు."

నేను మైకు ఆమె నోటి దగ్గర పెట్టాను. ఎందుకైనా మంచిదని గౌతమ్‌గారు రెండడుగులు వెనక్కి వేశారు. రుక్కి గంపలోకి చూసుకుంది, ఇంటి వైపు చూసింది.

"సారూ, కాయ మురిగిపోతాంది. షాపు జర పొద్దుగాలనే తెరిపియ్యుండ్రి," అంది. "మా ఇంటాయనను ఇంట్ల పెట్టి తాళమేసొచ్చిన."