చెట్టు పచ్చగానే ఉంది

రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి చేసి మొన్ననే రిటైరైన టీసీగారు ఆ ఉదయం చెట్టు కింద కుర్చీ వేసుకుని పేపరు చదవాలనుకున్నారు. భార్య చెల్లెలింటికి వెళుతూ, "ఇల్లేమైనా ఫరవాలేదు, నా చెట్టు జాగ్రత్త" అని మరీ చెప్పి వెళ్ళింది. బిడ్డలా పెంచిన చెట్టు. దానికేమైనా అయితే ఆవిడ ఆయన్ని బతకనివ్వదు.

కూర్చోగానే పేపరు మీద ఎండ పడింది. పైన సగం కొమ్మలు బోడిగా ఉన్నాయి. ఉద్యోగమంతా రైళ్ళలో గడిపిన మనిషికి ఇంటి చెట్టు సంగతేం తెలుసు? ఎవరో దీనికి విషం పెట్టారనుకున్నారు!

"ఆకులన్నీ మా వాకిట్లోకే వస్తున్నాయండీ," అన్నాడు గోడవతల పళ్ళ డాక్టరు, నవ్వుతూ. ఆ నవ్వు టీసీగారికి బొత్తిగా నచ్చలేదు. టికెట్ లేనివాళ్ళందరూ అలాగే నవ్వుతారు.

సాయంత్రం భార్య ఫోను చేసింది. "చెట్టెలా ఉంది?"

"పచ్చగా కళకళలాడుతోంది!"

ఆవిడ టక్కున ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు గోడ మీదుగా వంగి చెట్టు మొదట్లో చెంబుతో ఏదో పోస్తూ దొరికిపోయాడు.

"ఏంటది?"

"నీళ్ళండీ."

"విషం కాకపోతే మీరే తాగండి!"

డాక్టరు బిక్కమొహం వేసి తాగాడు. పక్కనే ఆయన క్లినిక్కు గేటు దగ్గర బుగ్గలు వాచిన పేషెంట్లు అది చూశారు. డాక్టరు చెట్టుకి విషం పోశాడన్న మాట వీధి చివరికి చేరేసరికి మనుషులకే పోశాడని మారిపోయింది. మధ్యాహ్నానికి క్లినిక్కు ఖాళీ.

"నా పొట్ట కొట్టారు కదండీ!" అని డాక్టరు గోడ దగ్గర లబలబలాడుతుంటే ఆటో ఆగింది. భార్య దిగి, బోడి కొమ్మలు చూసి, "హమ్మయ్య!" అంది. "ఏటా ఈ రోజుల్లో ఆకులు రాల్చి ఎండల ముందు చిగురేస్తుందండీ ఇది. పచ్చగా ఉందంటే, దాన్ని చంపేసి ఇంకోటి తెచ్చి నాటారేమోనని పరిగెత్తుకొచ్చాను."

"మరి ఈయన పోసిందో?"

"నేనే పొయ్యమన్నాను అన్నయ్యగారిని, మీతో చెప్పొద్దని. మిమ్మల్ని నమ్ముకుంటే ఇంకేమైనా ఉందా?"

టీసీగారు సిగ్గుతో చచ్చిపోయారు. వీధివాళ్ళ భయం పోగొట్టడానికి, అందరూ చూస్తుండగా తానే వెళ్ళి క్లినిక్కు కుర్చీలో కూర్చున్నారు. ఆయనకి కదిలే పన్ను ఒకటుంది. డాక్టరు సూది తీశాడు.

"అందులో ఏముందండీ?"

"ముందు నోరు తెరవండి," అన్నాడు డాక్టరు, మళ్ళీ అదే నవ్వు నవ్వుతూ.

ఎండలు ముదరకముందే చెట్టుకి ఆకులన్నీ తిరిగొచ్చాయి. టీసీగారి పన్ను మాత్రం రాలేదు.