హాలు ఖాళీ అయిన రోజు

వేసవి సెలవులు మొదలైన ఉదయం లెక్కల మాస్టారు నిద్ర లేస్తూనే హాలు మధ్య నిలబడి చుట్టూ చూశారు. ఆయన కోరిక పెద్దదేమీ కాదు. కిటికీలు రెండూ తెరిచి, ఫ్యాను కింద చాప పరిచి, బడి తెరిచేదాకా బార్లా పడుకోవాలి. కానీ ఆ హాల్లో కాళ్ళు చాపితే చేతులు ముడుచుకోవాలి, చేతులు చాపితే కాళ్ళు వరండాలోకి పోవాలి.

"ఈ రోజు నుంచి ఒకటే సూత్రం," అని ప్రకటించారు. "ఏడాదిగా ఎవరూ ముట్టని వస్తువు ఈ ఇంట్లో ఉండదు. గేటు బయట పెట్టేస్తాను. కావలసినవాళ్ళు పట్టుకుపోతారు."

"ఏడాదిగా నన్నెవరు ముట్టారురా? నన్నూ గేటు బయట కూర్చోబెడతావా?" అంది తల్లి.

"నువ్వు వస్తువువి కాదమ్మా."

"పోన్లే, ఇప్పటికైనా గుర్తుపట్టావు."

ముందు ఆవిడ రేకు పెట్టె బయటికొచ్చింది. దాన్నిండా మూతలే. గిన్నెలు ఎప్పుడో పోయాయి.

"గిన్నెల్లేని మూతలెందుకమ్మా?"

"ఎప్పుడో ఒకప్పుడు గిన్నెలు కొనకపోతావా? అప్పుడు మూతలకి వెతుక్కోవాలా?"

తర్వాత భార్య వ్యాయామం సైకిలు. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఊరందరికీ బరువు తగ్గమని చెప్పి చెప్పి, మొహమాటానికి తనూ ఒకటి కొంది. దాని మీద తడి తువ్వాళ్ళు తప్ప ఎవరూ ఎక్కలేదు.

"వచ్చే నెల నుంచి తొక్కుదామనుకుంటున్నానండీ."

"కిందటేడూ వచ్చే నెలే అన్నావు."

"మరి మీ కప్పు సంగతేంటి?"

మాస్టారు కప్పు మీది దుమ్ము తుడిచారు. అది ఉపాధ్యాయుల పరుగు పందెంలో వచ్చిన మూడో బహుమతి. పరిగెత్తింది ముగ్గురే అన్న విషయం ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "సూత్రం అందరికీ ఒకటే," అని గంభీరంగా కప్పు కూడా తీసుకెళ్ళి గేటు బయట పెట్టారు. దాని పక్కనే కుంటి కుర్చీలు, మోటారు లేని కూలరు చేరాయి.

ఆయన స్నానం చేసి వచ్చేసరికి గేటు బయట పూచికపుల్ల లేదు.

"చూశారా! ఊరికే ఇస్తే జనం ఎలా ఎగబడతారో!" అన్నారు. తల్లీ భార్యా తలూపారు. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే మాటకి తలూపడం అంతకుముందు జరగలేదు. మాస్టారికి అప్పుడే అనుమానం రావలసింది.

జరిగిందేమిటంటే, కింద వాటాలో దర్జీ ఉంటాడు. ఆ వీధిలో ఎవరి నడుము ఎంతో అతనికి తెలుసు. ఒకరి కొలత ఇంకొకరికి చెప్పి ఎరగడు. అక్కడ ఇన్ని కాపురాలు నిలబడ్డాయంటే అదే కారణం. అంచేత అందరికీ అతని మీదే గురి. "ఈ పెట్టె, కుర్చీలు కాస్త లోపల పెట్టవయ్యా, పైన నోరెత్తకు," అంది తల్లి. "సైకిలూ కూలరూ మీ దగ్గరుంచండి బాబాయ్‌గారూ, అత్తయ్యకి తెలియనివ్వద్దు," అంది భార్య. వీళ్ళిద్దరికంటే ముందే, స్నానానికని బయలుదేరిన మాస్టారు మెట్లు దిగి, గేటు బయటున్న కప్పుని తువ్వాలులో చుట్టి తెచ్చి, "నా పరువు నీ చేతుల్లో ఉంది," అనేసి పోయారు.

ఈ రవాణా అంతా ఎదురింటి కిటికీలోంచి ఓనరమ్మ చూసింది. సామాను మెట్లు దిగుతోంది, పైన హాలు బోసిగా కనిపిస్తోంది. ఆవిడ విసవిసా వచ్చి దర్జీని అడిగింది.

"పైవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారా?"

దర్జీ మూతల పెట్టె మీద కూర్చుని, సైకిలుకి చేరగిలబడి, కాజాలు కుడుతున్నాడు. ముగ్గురికి మాటిచ్చిన మనిషి. "నాకు తెలీదమ్మా. నేనేమీ చూడలేదు," అన్నాడు.

అంతే, ఆవిడకి మండింది. చెప్పాపెట్టకుండా పోదామనుకుంటున్నారా అని, ఎన్నాళ్ళ నుంచో వాటా అడుగుతున్న పళ్ళ డాక్టరుకి ఫోను చేసింది.

మధ్యాహ్నం మాస్టారు చాప మీద నాలుగు దిక్కులా నాలుగు అవయవాలు పారేసి గుర్రు పెడుతుండగా, నెత్తిన ఏదో గొంతు వినిపించింది.

"కుర్చీ సరిగ్గా ఇక్కడ వేస్తే, వెలుతురు నేరుగా నోట్లోకి పడుతుంది."

కళ్ళు తెరిస్తే, కొలిచే టేపు పట్టుకున్న పెద్దమనిషి తన నోట్లోకే తొంగి చూస్తున్నాడు. పక్కన ఓనరమ్మ.

"ఖాళీ చేసేవాళ్ళు ఒక మాట చెప్పి చేస్తారు మాస్టారూ!"

"ఎవరు ఖాళీ చేస్తున్నారండీ? ఊరికే ఇల్లు శుభ్రం చేసుకున్నాం!"

"కాపురం ఉండేవాళ్ళకి సామానుంటుంది. ఏదీ, చూపించండి."

మాస్టారు గోడల వైపు చూశారు. బడికి నడిచి వెళ్ళే దూరంలో ఇంత తక్కువ అద్దెకి ఇంకో ఇల్లు దొరకదు. తల్లికి ఈ మెట్లు తప్ప ఇంకే మెట్లూ కాళ్ళకి పడవు. "అంతా... ఎవరో పట్టుకుపోయారు," అన్నారు నీరసంగా.

"నాకు నచ్చిందండీ. రేపే వచ్చేస్తాను," అన్నాడు డాక్టరు.

ఆ మాటతో తల్లి మెట్ల దగ్గరికి పరిగెత్తింది. "ఏవయ్యా దర్జీ! నా పెట్టె తీసుకురా!"

"నా సైకిలు కూడా బాబాయ్‌గారూ!" అంది భార్య. అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

కింద నుంచి దర్జీ గొంతు వచ్చింది. "ఇద్దరివే తేవాలా, ముగ్గురివీ తేవాలా?"

"ముగ్గురెవరూ?" అన్నారు ఇద్దరూ. మాస్టారు ఫ్యాను రెక్కల్ని శ్రద్ధగా పరిశీలించసాగారు.

దర్జీ అరగంట సేపు మోస్తూనే ఉన్నాడు. సైకిలు పెడలు డాక్టరు మోకాలికి తగిలింది. పెట్టె జారి మూతలన్నీ తలో మూలకి దొర్లాయి. కూలరుకీ కుర్చీలకీ మధ్య ఇరుక్కున్న డాక్టరు టేపు పైకెత్తి పట్టుకుని అతి కష్టం మీద బయటపడ్డాడు.

"ఇక్కడ కుర్చీ కాదు కదా, ఊడిన పన్ను కూడా పట్టదు," అని వెళ్ళిపోయాడు.

ఓనరమ్మ హాలంతా తృప్తిగా చూసింది. "ఇప్పుడు కాపురంలా ఉంది. ఇంకోసారి ఒక్క వస్తువు మెట్లు దిగిందంటే మాత్రం డాక్టరుకి మళ్ళీ ఫోను చేస్తాను," అని హెచ్చరించి పోయింది.

సాయంత్రం సామాను సర్దుతుంటే, విరిగిన కుట్టుమిషను బల్ల ఒకటి, పీలికల మూటలు, ఎవరో నిలబడ్డట్టు, కుట్టిన బట్టలు తొడిగి చూసే తల లేని బొమ్మ ఒకటి తేలాయి. మాస్టారు కిందికి పరిగెత్తారు. దర్జీ ఇల్లు అద్దంలా ఉంది. కిటికీలు తెరిచి, ఫ్యాను కింద చాప వేసుకుని, అతను బార్లా పడుకున్నాడు.

"ఆ బొమ్మా, ఆ మూటలూ నీవే కదయ్యా?"

దర్జీ కళ్ళు తెరవలేదు. "నాకు తెలీదు మాస్టారూ. నేనేమీ చూడలేదు."

మాస్టారు పైకొచ్చి, బొమ్మ పక్కన మిగిలిన జానెడు జాగాలో కాళ్ళు ముడుచుకుని పడుకున్నారు. తల ఉన్నందువల్ల తనకి అదనంగా ఒరిగిందేమిటో ఆయనకి ఆ వేసవంతా ఆలోచించినా తేలలేదు.