లోపలి గదిలో బేస్ ఎవరిది?

ఆ శనివారం ఉదయం గిటారు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య తొమ్మిదింటికి ఆస్పత్రికి వెళ్తుంది. అక్కడ వేడి మైనంలో చేతులు ముంచి, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసుకుని, ఇంటికి వచ్చేసరికి పదకొండవుతుంది. ఆ రెండు గంటల్లో ఆయన ఒక చిన్న పెట్టెను పరీక్షించాలి. ఆ తర్వాత ఆమె నొచ్చుకోని మాటలు వెతుక్కుని, సాయంత్రం కచేరీకి నువ్వు రానక్కర్లేదని చెప్పాలి. పెట్టెకు గంట చాలు. మాటల కోసమే రెండో గంట ఉంచుకున్నారు.

ముప్పై ఏళ్ళుగా ఆయనది గిటారు, ఆమెది కింది స్వరాలు పలికే బేస్ గిటారు. పెళ్ళిళ్ళకైనా, బడి వార్షికోత్సవాలకైనా, ఎవరో పెద్దమనిషి ఉద్యోగం ముగించుకునే సభకైనా ఇద్దరే వెళ్ళేవారు. కిందటి నెల నుంచి ఆమె వేళ్ళ కణుపులు బిగుసుకుపోయాయి. తీగ అదిమితే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా "శనివారానికి సర్దుకుంటాయిలెండి" అంటూనే ఉంది. డాక్టరు మాత్రం మాస్టారిని పక్కకు పిలిచి, ఇక సర్దుకోవని చెప్పారు. ఆ మాటను ఆయన వారం రోజులుగా మింగలేక కక్కలేక తిరుగుతున్నారు.

గుమ్మం దిగిన భార్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆమె ఎప్పుడూ అంతే, పాలకు వెళ్ళినా అలాగే చూస్తుంది. వీధి మలుపు తిరిగాక ఆయన తలుపు గడియ వేసి పని మొదలుపెట్టారు.

పెట్టె సబ్బుపెట్టెంత ఉంది. గిటారు నుంచి ఒక వైరు దాని లోపలికి వెళ్తుంది, రెండు వైర్లు బయటికి వస్తాయి. ఒకటి గిటారు యాంప్లిఫయరుకు, ఇంకొకటి బేస్ యాంప్లిఫయరుకు. ఒకే వాయింపు రెండు గొంతులతో పలుకుతుంది. మొదటిదాంట్లో సన్నని మెరుపు ఉంచి, రెండోదాంట్లో పైశబ్దమంతా తగ్గించి మందపు తీగల బరువు మాత్రమే మిగిల్చారు. రెండూ పక్కపక్కనే ఉంటే ఏది ఎంతో చెవికి తేలదని, బేస్ యాంపును లోపలి గదిలోకి ఈడ్చి పెట్టారు.

పై వాటాలో దర్జీ ఆవిడ కుట్టుమిషను ఆపి చెవి ఒగ్గింది. ముందు గదిలోంచి గిటారు, లోపలి గదిలోంచి బేస్! సంతోషం పట్టలేక ఫోను అందుకుంది.

"వదినా, వేళ్ళు నయమైపోయాయన్నమాట! ఎంత బాగా వాయిస్తున్నారో!"

"నేనా? మైనంలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను తల్లీ. ఫోను కూడా నర్సమ్మే పట్టుకుంది."

"మరి మీ లోపలి గదిలో ఎవరు వదినా?"

"ఎవరుంటారు?"

"ఉండండి, చూసొస్తాను."

దర్జీ ఆవిడ పిల్లిలా మెట్లు దిగి కిటికీ సందులోంచి తొంగి చూసింది. మాస్టారు ఒక్కరే కూర్చుని, లోపలి గది వైపు తల తిప్పి, బతిమాలుతున్నారు. ముప్పై ఏళ్ళు పక్కన మనిషిని పెట్టుకుని మాట్లాడిన నోరు, మనిషి లేదని ఊరుకుంటుందా?

"అంత గట్టిగా వద్దమ్మా... మెత్తగా... ఆఁ, అదీ. ఇక నువ్వే నాకు దిక్కు. ఆవిడకెలా చెప్పాలో మాత్రం నాకు తోచడం లేదు."

విన్నది విన్నట్టు ఫోనులో అప్పజెప్పడం కంటే పెద్ద పాపం లేదు. ఆవిడ ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆస్పత్రిలో ఆమె చేతులకున్న మైనం పూర్తిగా వలిచి తీయకుండానే లేచి, దారిలో అన్నగారికి ఫోను చేసింది. అన్నగారు బస్సు కండక్టరుగా పనిచేసి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. టికెట్టు లేనివాళ్ళను ముప్పై అయిదేళ్ళు పట్టుకున్నారు.

"నువ్వు ముందు తలుపు చూసుకో చెల్లాయ్. వెనక తలుపు నాకొదిలెయ్. దిగిపోయేవాళ్ళెప్పుడూ వెనక తలుపునే దిగుతారు."

అన్నగారు వచ్చి వెనక గుమ్మానికి చెవి ఆనించారు. వాయింపు ఆగింది. ఆగాక లోపలి నుంచి "మ్‌మ్‌మ్" అని తెగని మూలుగు వినిపించింది. రెండు గదుల్లో రెండు ప్లగ్గుల్లో పెట్టిన యాంపులను ఒకే పెట్టెకు కలిపితే అలా మూలుగుతాయి. కండక్టరుగారికి ఆ సంగతి తెలియదు.

"చెల్లాయ్! ఏడుస్తోందే ఆ పిల్ల!" అని గోడ మీదుగా కేకేశారు.

ఆ కేకకు మాస్టారు అదిరిపడి ముందు తలుపు తీశారు. ఎదురుగా భార్య, మోచేతుల దాకా తెల్లటి మైనం పెచ్చులతో, నిలబడి ఉంది. ఆమె ఆయన వైపు చూడకుండా నేరుగా లోపలి గదిలోకి వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు. ఆమె బేస్ యాంపు మాత్రం ఒంటరిగా మూలుగుతోంది.

"ఏదీ?" అంది.

మాస్టారు ఆ చిన్న పెట్టెను అరచేతిలో పెట్టి చూపించారు. "నీ చేతులకు నొప్పి తెలియకూడదని..." అని మాత్రం అనగలిగారు.

ఆమె ఆ పెట్టెను మైనం అంటిన వేళ్ళతో తిప్పి చూసింది.

"ఎవతో ఉన్నా బాగుండేదండీ. జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేదాన్ని. దీనికి జుట్టెక్కడిది?"

అన్నగారు వెనక తలుపు నుంచి వచ్చి, మంచం కింద కూడా చూసి, నిరాశపడ్డారు. "అయితే ఆడమనిషి లేదా? బావా, ఇంత దూరం ఆటో మాట్లాడుకుని వచ్చాను!"

ఎలాగూ బయటపడింది కాబట్టి, సాయంత్రం వేదిక మీద ఉండబోయేట్టు మాస్టారు రెండు యాంపులనూ ముందు గదిలో పక్కపక్కన పెట్టి, ఒకే ప్లగ్గుపట్టీకి తగిలించారు. మూలుగు ఆగింది. వాయించారు. ఆశ్చర్యం, బరువంతా ఎటో పోయింది! రేకుడబ్బా మీద గోరు గీసినట్టుంది. విడివిడిగా నిండుగా పలికినవి, కలిసేసరికి ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. ఈ మీట తిప్పారు, ఆ మీట తిప్పారు. నుదుటి మీద చెమట పట్టింది. కచేరీ ఆరింటికి.

"చూశావా బావా! మా చెల్లెలు లేకపోతే నీ సంగతి ఇంతే!" అన్నారు అన్నగారు, గెలిచినట్టు.

మొదటి మీటుకే ఆమెకు తప్పెక్కడో తెలిసిపోయింది. పోయినవారం మాస్టారు తన బేస్ యాంపు స్పీకరుకు ఊడిన వైర్లు అతికించడం ఆమె చూసింది. ఎర్ర వైరు ఉండాల్సిన చోట నల్లది పెట్టి ఉంటారు. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే, రెండోది వెనక్కి లాగుతోంది. ఒంటరిగా ఉన్నంతసేపు ఆ తప్పు ఎవరికీ వినపడదు. ఆమె చెప్పకపోతే ఆరింటిలోగా ఆయన కనుక్కోలేరు. అప్పుడిక నొప్పి మాత్రలు రెండు వేసుకుని ఆమె వేదిక ఎక్కాల్సిందే. ఇంకొక్కసారి, ఆయన ఎడమ పక్కన.

కుర్చీలో కూర్చుని వేలికి అంటిన మైనాన్ని ఆమె గిల్లుతూ ఉండిపోయింది. మాస్టారు మళ్ళీ వాయించారు, మళ్ళీ ఆపారు. ఆయన పాట మధ్యలో తప్పడం ఆమె మొదటిసారి విన్నది.

"మీరే అతికించారుగా వైర్లు," అంది చివరికి. "ఎర్రదీ నల్లదీ తారుమారు చేశారు. వెనక పలక విప్పండి. నా వేళ్ళకు స్క్రూడ్రైవరు పట్టు దొరకదు."

ఆయన విప్పి, మార్చి, మీటారు. గది అంతా నిండిపోయింది. కిటికీ అద్దాలు కూడా సన్నగా అదిరాయి. పై వాటా నుంచి దర్జీ ఆవిడ చప్పట్లు వినిపించాయి. అన్నగారు చెల్లెలి ముఖం చూసి, మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళారు.

"ఎలా ఉంది?" అని మాస్టారు అడిగారు.

"ఇద్దరు వాయించినట్టే ఉంది," అంది ఆమె.

సాయంత్రం ఆమె మొదటి వరుసలో, అందరిలాగా, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. పాట చివరికి వచ్చింది. ఇద్దరూ ఒక్కసారే ఆపడానికి తలూపుకోవడం ముప్పై ఏళ్ళ అలవాటు. మాస్టారు ఎడమవైపు ఖాళీ చోటుకు తిరిగి, ఆ తలూపు కోసం ఎదురుచూశారు. ఎదురు కుర్చీలో ఆమె ఊపింది గానీ, ఆయన ఇటు చూడడం లేదు. ఆపడం మరిచిపోయి పాటను ఇంకో చుట్టు తిప్పారు.

అది కావాలనే చేశారనుకుని జనం మరింత గట్టిగా చప్పట్లు కొట్టారు.