ఆఖరి దొర

ఆ ఆదివారం పొద్దున దేవప్ప వేసుకున్న పథకం మహా అయితే నాలుగు గంటల పని. తొమ్మిదింటికి సంగమేశ్వర్ వీడియో గేముల దుకాణంలో కిష్టప్ప పక్కన కూర్చోవాలి. పన్నెండు లోపల దొరను చంపాలి. ఒంటిగంట బస్సుకు కిష్టప్పను ఎక్కించి, చెయ్యి ఊపి, ఇంటికొచ్చి రొట్టె తినాలి. ఇందులో ఎవరికి నష్టమో మీరే చెప్పండి.

దొర అనగానే కంగారు పడకండి. నారాయణఖేడ్ బస్టాండు పక్కన సంగమేశ్వర్ ఒక టీవీ, దానికి తగిలించే ఆట డబ్బా పెట్టి అప్పటికి ఏడాది. అందులో ఒక ఆటలో ఎర్ర బనీను వాడొకడు, నీలం బనీను వాడొకడు జోడీగా బయల్దేరి, వీధులూ అడవులూ దాటుతూ, అడ్డమొచ్చిన వాణ్ణల్లా తన్నుకుంటూ పోతారు. చివర్లో కోటలాంటి పెద్ద గడి. గడిలో ఎత్తు కుర్చీ. కుర్చీలో బుర్రమీసాల వాడొకడు రెండు చేతులా తుపాకులతో కూర్చుని ఉంటాడు. వాడు చస్తే ఆట అయిపోయినట్టు. వాడి ఇంగ్లీషు పేరు ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఆ గడీ, ఆ మీసం చూశాక ఖేడ్‌లో వాడికి వేరే పేరు పెట్టాల్సిన అవసరమే కలగలేదు.

దేవప్పకు నలభై రెండేళ్లు. కరెంటాఫీసులో లైన్‌మన్. కిష్టప్ప దర్జీ, ఇద్దరూ పలక పట్టిన నాటి జత. ఈ వయసులో ఆటలేంటని ఊరు నవ్వుతుందని, పిల్లలు లేవకముందే ఏడింటికల్లా దొంగల్లా దుకాణం పరదా వెనక్కి దూరేవాళ్లు. ఎవరైనా చూస్తే దేవప్ప "తీగ సూడనీకె వచ్చిన" అనేవాడు. కిష్టప్ప "గీ పరదా కొలత తీయనీకె వచ్చిన" అనేవాడు. ఎనిమిది నెలలైనా ఆ పరదా కొలత తేలలేదు.

ఎర్ర బనీను దేవప్పది, నీలం బనీను కిష్టప్పది. దేవప్ప ముందు ఉరుకుతాడు. వెనక నుంచి వచ్చే వాళ్లను కిష్టప్ప చూసుకుంటాడు. గడి చేరడానికి సరిగ్గా రెండు గంటలు పడుతుంది. ఆ డబ్బాకు జ్ఞాపకశక్తి లేదు, ఆగిపోతే మళ్లీ మొదటి వీధి నుంచే. ఆ ఎండాకాలం ఖేడ్‌లో తొమ్మిదింటికి పోయిన కరెంటు ఒంటిగంటకు గాని వచ్చేది కాదు. ఐదుసార్లు దొర ముఖం చూశారు. ఐదుసార్లూ దొర తుపాకీ ఎత్తాడు, టీవీ చీకటైంది.

"మీ కరెంటోళ్లంత దొరకు చుట్టాలారా?" అని కిష్టప్ప పళ్లు కొరికేవాడు. దేవప్ప తల దించుకునేవాడు.

ఇంతలో కిష్టప్ప ఖేడ్ వదిలిపోతున్నాడన్న మాట తెలిసింది. రెడీమేడ్ చొక్కాలు వచ్చాక దర్జీ దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. హైదరాబాద్‌లో ఏదో బట్టల కంపెనీలో కుట్టే పని దొరికిందట. కిష్టప్ప, పెళ్లాం నీలమ్మ, కుట్టుమిషను, ఆదివారం ఒంటిగంట బస్సు. ఈ సంగతి దేవప్పకు చెప్పింది కిష్టప్ప కాదు, చాయ్ హోటల్లో ఎవరో చెప్పారు. దేవప్ప చాయ్ సగంలోనే వదిలేసి లేచాడు. అయినా అడగలేదు. అలిగినట్టు కనిపిస్తే నామోషీ అనుకున్నాడు.

ఇంకొకరైతే పోయే దోస్తుకు ధోవతి జత పెడతారు, లేకపోతే ఇంటికి పిలిచి కోడిని కోస్తారు. దేవప్పకు తన చేతిలో ఉన్నది కరెంటు ఒక్కటే అనిపించింది. పోయేలోపు దొర చావాలి. ఇద్దరూ కలిసి చంపాలి. అప్పుడు బస్సు దగ్గర "మళ్ల రారా" అని అడగడానికి నోరు పెగులుతుందని అతని ఆశ.

శనివారం సాయంత్రం సబ్‌స్టేషన్‌కు పోయాడు. డ్యూటీలో ఆపరేటర్ సొలొమోను ఉన్నాడు.

"అన్నా, రేపు తొమ్మిదికి ఊరి కరెంటు బంద్ చేయకు. ఒంటిగంట దాకా ఉండనియ్యి."

"ఎందుకే? ఆర్డర్ ఉన్నదా?"

ఆట ఆడుకోవడానికని ఎట్లా చెబుతాడు? ఇద్దరు ఆడపిల్లల తండ్రి. దేవప్ప అటూ ఇటూ చూసి, కళ్లు పైకెత్తి, గొంతు తగ్గించి, "పైనుంచి మాట ఉన్నదే. ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

సొలొమోను నిజాయితీపరుడు. ఎవరికీ చెప్పలేదు, భార్య సంతోషమ్మకు తప్ప. పైనుంచి పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని అతనికి అర్థమైంది. సంతోషమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు. రాత్రి ప్రార్థన కూటంలో లేచి, రేపు వచ్చే ఆఫీసరు ముందు నా భర్త తలవంచుకోకుండా చూడు ప్రభువా అని కన్నీళ్లతో వేడుకుంది, అంతే. నలభై మంది ఆమెన్ అన్నారు. ఆ నలభై మంది ఇళ్లకు పోయేసరికి ఆఫీసరు కలెక్టరయ్యాడు. తెల్లారేసరికి కలెక్టరు మంత్రయ్యాడు.

ఆదివారం ఏడింటికే రోడ్డుకు రెండు పక్కలా సున్నం గీత పడింది. బస్టాండు ముందు పేడకుప్ప ఏడాదిగా కదలనిది, ఆ పొద్దున మాయమైంది. మనూర్ నుంచీ సిర్గాపూర్ నుంచీ జనం దరఖాస్తులు పట్టుకుని ఆటోల్లో దిగారు. దేవప్ప ఇదంతా చూశాడు. ఏదో పండగేమో అనుకుని, సామాను కట్టి వచ్చిన కిష్టప్పతో కలిసి తొమ్మిదింటికి పరదా వెనక్కి దూరాడు. తన నోటి మాట కాళ్లు తెచ్చుకుని ఊరంతా తిరుగుతోందని అతనికెట్లా తెలుస్తుంది?

తొమ్మిదైంది. కరెంటు పోలేదు.

ఇక చూడండి. పోవాల్సిన టైముకు కరెంటు పోకపోతే ఖేడ్ మనిషికి సంతోషం కలగదు, భయం కలుగుతుంది. ఇప్పుడో ఇంకాసేపటికో పోతుంది, ఈలోపే కానిచ్చేయాలి అని. పిండిగిర్నీ వాడు రెండు గిర్నీలూ తిప్పాడు. వెల్డింగ్ దుకాణంలో మెరుపులు లేచాయి. రెండు వారాల బట్టలు ఇస్త్రీకి కూర్చున్నాయి. ఊళ్లో ఉన్న ప్రతి బోరూ, ప్రతి గ్రైండరూ ఒకేసారి నోరు తెరిచాయి. బస్టాండు వెనక ట్రాన్స్‌ఫార్మర్ బరువెత్తలేక మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు దేవప్ప చెవిన పడింది. ఇరవై ఏళ్ల లైన్‌మన్‌కు దాని అర్థం తెలియక కాదు. లేచి పోతే ఆట పోతుంది, కిష్టప్ప పోతాడు. వినబడనట్టు కూర్చున్నాడు.

పదకొండు దాటాక మనూర్ హన్మమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. తన గుడిసె మీదికి ఒరిగిన కరెంటు స్తంభం గురించి దరఖాస్తు రాయించుకుని, మంత్రి ఎక్కడ దిగాడో లైన్‌మన్‌కు తెలియకుండా ఉంటుందా అని దేవప్పను వెతుక్కుంటూ వచ్చింది. పరదా ఒక్క గుంజు గుంజింది. ఎనిమిది నెలల మర్యాద చేతికొచ్చి కింద పడింది.

"ఏందిరో ఇది? మంత్రేడి?"

"మంత్రి లేడవ్వా. జర జరుగు, గడి దగ్గరికొచ్చినం," అన్నాడు కిష్టప్ప తల తిప్పకుండా.

"గా కుర్చీల కూసున్నోడు ఎవడు?"

"దొర."

హన్మమ్మ నిజం దొరలను చూసిన మనిషి. దరఖాస్తు మడిచి రొంటిన దోపుకుని, ముందు వరుసలో కూర్చుంది. "కొట్టుర్రి బిడ్డా. ఇడువకుర్రి," అంది.

ఆమె వెనక సిర్గాపూర్ వాళ్లు, వాళ్ల వెనక సున్నం గీతలు గీసినవాళ్లు. మంత్రి వస్తున్నాడన్నది ఉత్త మాటేనని అర్థమైంది గాని తిట్టడానికి ఎవరికీ తీరిక లేదు. దొర తుపాకులు ఎత్తాడు. జనం దుకాణంలోని కరెంటు దీపం వంక చూశారు. దీపం వెలుగుతూనే ఉంది. నీలం బనీను వెనక నుంచి దొరను ఒడిసి పట్టాడు, ఎర్ర బనీను ఎగిరి గుండెల మీద తన్నాడు. ఒకటి, రెండు, మూడు. దొర కుర్చీతో సహా కూలాడు.

అబ్బ! బస్టాండు దద్దరిల్లింది. ఎవరో ఈల వేశారు. సంగమేశ్వర్ తన దుకాణంలోనే చిందులేశాడు. కిష్టప్ప దేవప్ప మెడ చుట్టూ చెయ్యి వేశాడు. దేవప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మళ్ల రారా" అన్న మాట నాలుక మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే టీవీలో డప్పులు మోగాయి.

ఆట అయిపోలేదు. దొర పడిన చోటే ఎర్ర బనీనూ నీలం బనీనూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. పైన గడియారం వెనక్కి నడుస్తోంది. దొర ఆఖరివాడు కాడు. ఇద్దరిలో ఒకడే మిగలాలి, ఇద్దరూ కొట్టుకోవాలి, ఆట తయారుచేసిన మహానుభావుడు అట్లా రాసిపెట్టాడు.

"ఇదేం ఆటరా?" అన్నాడు దేవప్ప. ఇద్దరూ చేతులు ఎత్తేసి కూర్చున్నారు. అట్లాగే కూర్చుంటే కథ ఇక్కడితో బాగుండేది. కానీ చూసే జనానికి తేలాలి కదా! "కొట్టుర్రి! కొట్టుర్రి!" అన్నారు. వెనక నుంచి ఎవరో తోశారు. దేవప్ప బొటనవేలు చేతిలోని మీటల పలకను తాకింది. ఎర్ర బనీను నీలం బనీను దవడ మీద ఒక్కటిచ్చాడు. జనం గొల్లున నవ్వారు.

"నన్నే కొడుతున్నవా?" అన్నాడు కిష్టప్ప. నవ్వుతూనే అని, నవ్వుతూనే ఒక తన్ను తన్నాడు. జనం మళ్లీ నవ్వారు. ఈసారి దేవప్పకు కాలింది. ఇంకో గుద్దు. ఇంకో తన్ను. నవ్వులు ఎప్పుడు ఆగాయో ఇద్దరికీ తెలియలేదు.

"ఊరంత తెలిసినంక నాకు తెలిసిందిరా! పోతున్నవని నాకు చెప్పనీకె నోరు రాలేదా?" అన్నాడు దేవప్ప, మీట మీద మీట నొక్కుతూ.

"పదిసార్లు వచ్చిన చెప్పనీకె. వచ్చినప్పుడల్ల నువ్వు డబ్బా ముందర కూసుని ఉరుకుడే. వెనకకు మల్లి సూసినవా ఎన్నడన్న?"

"అయితే పో! ఎవ్వడాపిండు నిన్ను? నువ్వు లేకుంటె నా బతుకు ఆగదు!"

ఆ మాట అంటూనే కొట్టిన దెబ్బకు నీలం బనీను పడిపోయాడు. లేవలేదు. కిష్టప్ప మీటల పలకను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. "సరె. గెలిచినవ్," అన్నాడు. లేచి, జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయాడు.

దేవప్ప నాలుక కొరుక్కున్నాడు. లేచి వెంటపడబోయాడు. రెండడుగులు వేశాడో లేదో, బస్టాండు వెనక ఢామ్మని చప్పుడైంది. టీవీ ఆరిపోయింది. గిర్నీలు, బోర్లు, వెల్డింగు, అన్నీ ఒక్కసారే గమ్మున అయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీంచి నల్లటి పొగ లేచింది, ఒక తీగ తెగి రోడ్డు మీదికి వేలాడింది.

"లైన్‌మన్ ఏడి? లైన్‌మన్!" అంటూ జనమే అతన్ని మోసుకొచ్చినంత పనిచేసి స్తంభం కింద నిలబెట్టారు. సొలొమోను సైకిలు మీద రొప్పుతూ వచ్చి, "పై లైన్ బంద్ చేసొచ్చిన, ఎక్కు! జల్దీ! ఆఫీసరొచ్చే టైం అయితుంది!" అన్నాడు. ఆ అమాయకుడికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

దేవప్ప ఎక్కాడు. నడుముకు బెల్టు కట్టుకుని, వేలాడే తీగను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బిగింపులు విప్పుతుండగా ఒంటిగంట బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. పైనుంచి అంతా కనిపిస్తోంది. బస్సు మీద గోనెసంచి చుట్టిన కుట్టుమిషను. కిటికీలో నీలమ్మ. పక్క కిటికీలో కిష్టప్ప. తీగ వదిలితే కింద ఉన్న జనం మీద పడుతుంది. దిగడానికి లేదు.

"కిష్టా!" అని గొంతు చించుకుని అరిచాడు. "నువ్వే గెలిచినవ్‌రా! తప్పు నాదిరా! మళ్ల రారా!"

కిష్టప్ప విన్నాడు. కిటికీలోంచి సగం బయటికి వంగి చూశాడు. సంగమేశ్వర్ దుకాణం వైపు చూశాడు, చాయ్ హోటల్ వైపు చూశాడు, జనంలో ఒక్కొక్క ముఖం వెతికాడు. కిందున్న వాళ్లంతా చేతులెత్తి "పైన! పైన!" అని అరిచారు. అన్ని గొంతులు ఒక్కసారే లేస్తే ఎవరికేం వినబడుతుంది? వీళ్లంతా తనకు చేతులు ఊపుతున్నారనుకున్నాడు. తిరిగి చెయ్యి ఊపాడు. పైకి మాత్రం చూడలేదు. బస్సు మలుపు తిరిగింది.

దేవప్ప చాలాసేపు ఆ స్తంభం మీదే ఉండిపోయాడు. అతను ఏడుస్తున్నాడని కింద అందరికీ తెలుసు, ఎవరూ తలెత్తి చూడలేదు. చివరికి హన్మమ్మే కదిలింది. "దిగు బిడ్డా. పోయిండు," అంది.

కరెంటు మాత్రం పదకొండో రోజున వచ్చింది.